పట్టు పురుగు జ్వరంలో ఉన్నప్పుడు చర్మం కింద ఏం జరుగుతుంది?

పలమనేరు దగ్గర మొదటిసారి పట్టు పంట పెట్టానని, రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు (లేత దశలో వేరేచోట పెంచి ఇచ్చేవి) తెచ్చుకున్నానని రాశారు. మూడో జ్వరం వచ్చే వేళకు పురుగులన్నీ ఆకు మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయేసరికి టెన్షన్ పడి మందుల కోసం వెతికారు. పక్క రైతు "జ్వరం, రేపటికి దిగిపోతుంది" అన్నాడు, అలాగే దిగింది. ఇప్పుడు మీ సందేహాలు ఇవి: ఆ రోజంతా పురుగు లోపల ఏం జరిగింది? మన చర్మంలా దాని చర్మం కూడా పెరిగిపోవచ్చు కదా, విడిచిపెట్టడం ఎందుకు? ఎముకలే లేని పురుగు అంత బలంగా ఆకును ఎలా పట్టుకుంటుంది, గంటల కొద్దీ తల ఎలా ఎత్తి ఉంచుతుంది? చాకీ పెంపకం నుంచి గూళ్ల మార్కెట్ దాకా ఈ పనిలోనే ఉన్నవాణ్ని కాబట్టి వివరంగానే రాస్తాను. కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. మన వైపు జ్వరం అంటున్నాం గానీ అది రోగం కాదు. పురుగు నిద్రపోతోందని కూడా కొందరు అంటారు, అదీ నిజం కాదు. ఆకు తినడం ఆపి, పాత చర్మం కింద పూర్తిగా కొత్త చర్మాన్ని తయారుచేసుకునే సమయం అది. పురుగు బతుకులో ఇంతకంటే కష్టమైన, ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిందంటే జ్వరంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో ఎవరూ చెప్పనక్కర్లేకుండా మీకే తెలిసిపోతుంది.

ఎముకల సంగతి చూద్దాం. మనకు ఎముకలు లోపల, వాటిని కప్పుతూ కండరాలు, అన్నిటికీ పైన చర్మం. కీటకాల్లో ఈ వరస తిరగబడుతుంది. గట్టి భాగం పైన ఉంటుంది, కండరాలు దాని లోపలి గోడకు అతుక్కుని ఉంటాయి. దీన్నే బాహ్య అస్థిపంజరం అంటారు, ఆ పదార్థాన్ని క్యూటికల్ అంటారు. చర్మం, ఎముక, కవచం మూడూ అదే. అంతటితో అయిపోలేదు. కీటకం దవడలు క్యూటికలే, గోళ్లు క్యూటికలే, ఒంటి మీది నూగు, రెక్కలు, సంయుక్త నేత్రాల పైనుండే కటకాలు కూడా క్యూటికలే. పట్టు పురుగు పక్కల వరసగా కనిపించే నల్ల చుక్కలు శ్వాసరంధ్రాలు, తొమ్మిది జతలు ఉంటాయి. వాటి నుంచి ఒళ్లంతా వ్యాపించిన గాలి గొట్టాల లోపలి పూత కూడా క్యూటికలే. ఆహారనాళంలో ముందు భాగానికి, చివరి భాగానికి లోపల ఇదే పూత ఉంటుంది. కుబుసం విడవడమంటే ఇదంతా విడవాలి, పైచర్మం ఒక్కటే వదిలితే సరిపోదు. పాము విడిచే కుబుసం చర్మం పైపొర మాత్రమే, దాని ఎముకలు లోపల క్షేమంగా ఉంటాయి. కీటకం తన అస్థిపంజరాన్నే వదిలేస్తుంది.

గట్టి పెంకున్న పేడపురుగు సంగతి సరే, మెత్తగా ఉండే పట్టు పురుగు ఎలా నిలబడుతుందని అడిగారు. దాని ఒళ్లు నిండా రక్తం లాంటి ద్రవం ఉంటుంది, చుట్టూ వంగే గుణం ఉన్నా సాగడానికి తేలిగ్గా లొంగని చర్మం ఉంటుంది. కండరాలు బిగిస్తే లోపలి ద్రవం మీద ఒత్తిడి పెరిగి ఒళ్లు బిగుసుకుంటుంది. పురుగును మెల్లగా వేళ్ల మధ్య పట్టుకుంటే ఆ బిగువు తెలుస్తుంది. చచ్చిన పురుగు వేలాడిపోవడానికి కారణం ఆ ఒత్తిడి పోవడమే. నిజంగా గట్టిగా ఉండేవి దాని తల, దవడలు, కాళ్ల గోళ్లు. మిగతాది మెత్తని క్యూటికల్.

ఆ క్యూటికల్‌ను దగ్గరగా చూస్తే ఎంత నేర్పుగా తయారైందో అర్థమవుతుంది. అన్నిటికంటే అడుగున ఒకే ఒక్క వరస ప్రాణమున్న కణాలు ఉంటాయి. వాటి పైన ఉన్నదంతా ఆ కణాలు స్రవించిన పదార్థమే, అందులో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. ఇందులో ముఖ్యమైనది కైటిన్ అనే చక్కెర జాతి పదార్థం. 1811లో ఫ్రాన్స్‌లో ఆన్రీ బ్రాకోనో దీన్ని మొదట పుట్టగొడుగుల్లో కనిపెట్టాడు, 1823లో ఓగుస్త్ ఓడియె పెంకు పురుగుల్లో చూసి కైటిన్ అని పేరు పెట్టాడు. కైటిన్ సన్నని పోగుల రూపంలో ఉంటుంది. ఒక పొరలో పోగులన్నీ ఒకే దిక్కుగా పరుచుకుంటాయి, దాని మీది పొరలో దిక్కు కొంచెం తిరుగుతుంది, ఆ పై పొరలో ఇంకొంచెం. ప్లైవుడ్‌లో చెక్క పొరలను ఈనె దిక్కు మార్చి అతికిస్తారు చూడండి, అదే సూత్రం. ఒక పొరలో మొదలైన చీలిక పై పొరకు వచ్చేసరికి దారి మళ్లాలి, అందుకే అంత పలచగా ఉండీ తేలిగ్గా పగలదు. పోగుల మధ్య ఖాళీలను ప్రొటీన్లు నింపుతాయి.

కైటిన్ ఉంది కాబట్టే పెంకు గట్టిగా ఉంటుందని చాలాచోట్ల రాస్తుంటారు. అది సగం నిజమే. మెత్తని పట్టు పురుగు చర్మంలోనూ కైటిన్ ఉంటుంది. గట్టితనం ప్రధానంగా వచ్చేది ఆ ప్రొటీన్లను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేయడం వల్ల. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారైన కొన్ని పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి ప్రొటీన్ల మధ్య బంధాలు వేస్తాయి. నీరు బయటికి పోతుంది, పొర గట్టిపడుతుంది, చాలాసార్లు రంగు కూడా ముదురుతుంది. వంటింట్లో ఎప్పుడైనా పాలలాంటి తెల్ల బొద్దింక కనిపించి ఉంటే అది వేరే జాతి కాదు, అప్పుడే కుబుసం విడిచిన మామూలు బొద్దింక. కొన్ని గంటల్లో ఒళ్లు గట్టిపడుతూ గోధుమ రంగుకు తిరుగుతుంది. మిడతల దవడల అంచుల్లాంటి చోట్ల ఇంకా గట్టితనం కావాలి, అక్కడ జింకు కూడా చేరుతుంది.

గట్టిగా ఉండటమే గొప్ప అనుకోకండి. కీళ్ల దగ్గర అదే క్యూటికల్ మెత్తగా మడతపడేలా ఉంటుంది. రెక్కల మొదళ్లలో రెసిలిన్ అనే రబ్బరు లాంటి ప్రొటీన్ ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త టోర్కెల్ వైస్‌ఫో 1960లో దాన్ని గుర్తించాడు. సాగదీసి వదిలితే, పెట్టిన శక్తిలో దాదాపు 97 శాతం తిరిగి ఇచ్చేస్తుంది. తూనీగ రెక్క ఆడటంలోనూ, కుక్కల ఒంటి మీదుండే గామారి (ఫ్లీ) అంతెత్తు ఎగరడంలోనూ దాని పాత్ర ఉంది.

అన్నిటికంటే పైన, కంటికి కనిపించనంత పలచగా, మైనపు పూత ఉంటుంది. చిన్న ప్రాణికి బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం చాలా ఎక్కువ. ఆ పూత లేకపోతే మన ఎండలకు కీటకం ఒంట్లోని నీరంతా చూస్తుండగానే ఆవిరైపోతుంది. మన పెద్దవాళ్లు కందులు, పెసలు నిల్వ చేసేటప్పుడు బూడిద కలిపేవారు గుర్తుందా? గింజల మధ్య తిరిగే పుచ్చు పురుగు ఒంటి మైనాన్ని ఆ మెత్తని రేణువులు గీకేస్తాయి, కొంత పీల్చేసుకుంటాయి. గింజల మధ్య ఖాళీలు మూసుకుపోయి అది తిరగడమూ కష్టమవుతుంది. చివరికి నీరు ఇగిరిపోయి చస్తుంది. పూత అంత పలచనిదైనా ప్రాణం దాని మీదే ఆధారపడి ఉందని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎందుకు విడవాలి? మన చర్మం పెరుగుతుందంటే అడుగున కణాలు విభజన చెందుతూ, పైవి రాలిపోతూ ఉండటం వల్ల. మన ఎముకలోనూ ప్రాణమున్న కణాలు ఉంటాయి, పాతదాన్ని కరిగిస్తూ కొత్తదాన్ని కడుతూ ఉంటాయి. క్యూటికల్‌కు ఆ అవకాశం లేదు. ఒకసారి ప్రొటీన్లు ముడిపడి గట్టిపడ్డాక దాన్ని వెడల్పు చేసే మార్గం లేదు. అడుగునున్న కణాలు కావాలంటే కింది వైపు మందం పెంచగలవు, పైనున్న పొర కొలత మార్చలేవు. పట్టు పురుగు గుడ్డు నుంచి వచ్చినప్పుడు అర మిల్లీగ్రాము కూడా ఉండదు, ఐదో దశ చివరికి నాలుగైదు గ్రాములు తూగుతుంది. అంటే నెల తిరక్కుండా సుమారు పదివేల రెట్లు. ఒకే తొడుగులో ఆ పెరుగుదల అసాధ్యం. అందుకే నాలుగు జ్వరాలు, ఐదు దశలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐదో దశలో పురుగు రోజురోజుకూ లావవడం మీరే చూస్తారు, మధ్యలో కుబుసం విడవదు. మెత్తని చర్మం పైపొరలో సన్నని ముడతలు ఉంటాయి, అవి విచ్చుకుంటూ పోతాయి, అడుగున కొత్త పదార్థం కూడా చేరుతుంది. కాబట్టి ఒళ్లు కొంతవరకు పెరుగుతుంది. పెరగనిది తల. తలపెంకు గట్టిది, జ్వరానికీ జ్వరానికీ మధ్య దాని వెడల్పు రవ్వంత కూడా మారదు. జ్వరం దాటగానే ఒక్కసారిగా పెద్దదవుతుంది. ఒక్కో జాతిలో ఈ పెరుగుదల దాదాపు ఒకే నిష్పత్తిలో ఉంటుందని, చాలా గొంగళి పురుగుల్లో అది 1.4 రెట్లకు దగ్గరగా ఉంటుందని 1890లో అమెరికాకు చెందిన హారిసన్ డయార్ చూపించాడు. పొలంలో దొరికిన పురుగు ఏ దశలో ఉందో చెప్పాలంటే ఒంటి పొడవు చూడకూడదు, తల వెడల్పు కొలవాలి. తట్టలో పురుగులు ఏ జ్వరం దాటాయో పొడవును బట్టి చెప్పేవాళ్లు మోసపోతారు, ఆకు తక్కువైనా పొడవు తగ్గిపోతుంది కదా.

ఇక ఆ ఇరవై, ముప్పై గంటల్లో జరిగేది చెబుతాను. జ్వరానికి ముందు పురుగు తిండి తగ్గిస్తుంది, చర్మం బిగువుగా, కొంచెం మెరుపుగా కనిపిస్తుంది. నోటి నుంచి సన్నని పట్టు పోగులు వదిలి, పొట్ట కింది కాళ్లను తట్టలోని ఆకుల పడకకు బిగించుకుంటుంది. ఇది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఆ పైన ముందు భాగాన్ని ఎత్తి నిశ్చలంగా ఉండిపోతుంది. లోపల ఆ ఒక్క వరస కణాలు పాత క్యూటికల్ నుంచి విడిపోతాయి. ఏర్పడిన సందులోకి ఒక ద్రవం చేరుతుంది. దానిలో కైటిన్‌ను, ప్రొటీన్లను అరగించే ఎంజైములు ఉంటాయి, అయితే అప్పటికి అవి పని మొదలుపెట్టవు. ముందుగా కణాలు కొత్త చర్మానికి పైపొరను, ఆ ఎంజైములకు చెక్కుచెదరని పొరను, తయారుచేసుకుంటాయి. అది సిద్ధమయ్యాకే ఎంజైములు చురుకై పాత చర్మం లోపలి మెత్తని భాగాన్ని కరిగిస్తాయి. వరస తప్పితే పురుగు తన కొత్త చర్మాన్ని తానే అరగించుకుంటుంది. ఈ వరస ఎంత కచ్చితంగా నడుస్తుందో తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

కరిగిన పదార్థం వృథా పోదు. కొత్త చర్మం గుండానే తిరిగి ఒంట్లోకి పీల్చుకుని, దాంతోనే కొత్త పొరలు కడుతుంది. పాత చర్మంలో ఎక్కువ భాగం ఇలా వెనక్కి వచ్చేస్తుంది. చివరికి మిగిలేది కరగని గట్టి పైపొర మాత్రమే. మీకు పడకలో దొరికే కుబుసం ఉల్లిపొర కంటే పలచగా ఉండటానికి కారణం ఇదే. బొద్దింకల్లాంటివి ఆ మిగిలిన కుబుసాన్ని కూడా తినేస్తాయి.

కొత్త చర్మం పాతదానికంటే పెద్దదిగా ఉండాలి, కానీ పాతదాని లోపలే తయారవ్వాలి. కాబట్టి సన్నటి మడతలుగా తయారవుతుంది. తలకు ఆ వీలు లేదు, పాత తలపెంకు మరీ ఇరుకు. అందుకని తల కణాలు వెనక్కి జరిగి, మెడ వెనకున్న మెత్తని చర్మం కింద కొత్త తలను కడతాయి. ఈసారి నాలుగో జ్వరంలో ఒక భూతద్దం తీసుకుని చూడండి. పాత తల వెనక, పలచని చర్మం లోంచి, మసక గోధుమ రంగులో ఒక చిన్న త్రికోణం కనిపిస్తుంది. అదే కొత్త తల. ఆ త్రికోణం కనిపించిందంటే పురుగు జ్వరంలో ఉందని ఇక అనుమానం అక్కర్లేదు.

విడిచే ఘట్టం మాత్రం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. పురుగు ఒళ్లు వెనక నుంచి ముందుకు అలలు అలలుగా బిగుస్తుంది, లోపలి ద్రవం ముందుకు నెట్టుకొస్తుంది, తల వెనక చర్మం చిట్లుతుంది. పాత తలపెంకు ముందుకు తోసుకుపోయి కొత్త మూతి మీద చిన్న మూతలా వేలాడుతుంది, పురుగు దాన్ని రుద్ది రాల్చుకుంటుంది. ఆ చీలికలోంచి పురుగు ముందుకు పాకుతుంటే, పాత చర్మం వెనక్కి ముడుచుకుంటూ పోతుంది. ముందే కాళ్లను పట్టుతో బిగించుకుంది కాబట్టే పాత చర్మం అక్కడే ఉండిపోతుంది. పడకను కదిలిస్తే ఆ పోగులు తెగుతాయి, అప్పుడు ఎంత పాకినా చర్మం దాంతోపాటే వస్తుంది. వెనక భాగంలో కుబుసం ఇరుక్కుని చచ్చిపోయే పురుగుల్లో కొన్నింటికి కారణం ఇదే. విడిచిన కుబుసాన్ని నీటి చుక్కలో పెట్టి భూతద్దంతో చూస్తే పక్కల నల్ల చుక్కల దగ్గర లోపలి వైపుకు సన్నని తెల్ల దారాలు కనిపిస్తాయి. అవి గాలి గొట్టాల పాత పూత. ఊపిరి తీసే గొట్టాల లోపలి పొరను కూడా పురుగు లాగి పారేసింది. మన వైపు చెట్ల బోదెలకు అతుక్కుని దొరికే కీచురాయి కుబుసాల్లో ఈ దారాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, పిల్లలకు చూపించడానికి అవి బాగుంటాయి.

బయటికొచ్చిన పురుగు తల పెద్దగా, లేత రంగులో ఉంటుంది. చర్మం వదులుగా, ముడతలుగా, కొంచెం బూడిద రంగులో ఉంటుంది. చాలా కీటకాలు ఈ సమయంలో గాలిని మింగి ఒంటిని ఉబ్బించుకుని, చర్మం గట్టిపడకముందే మడతలు సాగదీసుకుంటాయి. నీటిలో బతికేవి నీటిని మింగుతాయి. ఆ తర్వాతే గట్టిపడే ప్రక్రియ మొదలవుతుంది.

పెద్ద జంతువులకు ఈ ఏర్పాటు ఎందుకు లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. కుబుసం విడిచిన కాసేపు ఆ ప్రాణికి నిలబెట్టే అస్థిపంజరం ఉండదు. అర గ్రాము, గ్రాము ప్రాణికి అది సమస్య కాదు. నేల మీద బతికే కొబ్బరి పీత నాలుగు కిలోల దాకా పెరుగుతుంది, అది కుబుసం విడవడానికి బొరియలో దాక్కుని వారాల తరబడి బయటికి రాదు. ఆవు అంత పెద్ద పురుగు ఉండి పెంకు విడిస్తే తన బరువుకు తానే కూలిపోతుంది.

ఇంత పనీ ఒకే రోజున అన్ని పురుగుల్లో ఎలా మొదలవుతుందని అడగలేదు మీరు, కానీ అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు దొరకడంలో పట్టు పురుగుదే పెద్ద పాత్ర. 1917లోనూ 1922లోనూ పోలెండ్‌కు చెందిన స్టెఫాన్ కోపెచ్ తన ప్రయోగాలను ప్రచురించాడు. ఒక జాతి గొంగళి పురుగుల నడుముకు దారం బిగించి కట్టి చూశాడు. ముందు సగం ప్యూపాగా (పురుగుకూ రెక్కల చిలుకకూ మధ్య దశ) మారింది, వెనక సగం గొంగళిగానే ఉండిపోయింది. మెదడు తీసేసినా మార్పు ఆగిపోయింది. అంటే ఆజ్ఞ మెదడు నుంచి రక్తం ద్వారా వస్తోందన్నమాట. 1940లో జపాన్‌లో సోయిచి ఫుకుడా పట్టు పురుగుల మీద పనిచేసి, ఛాతీలో ఉన్న ఒక గ్రంథి నుంచి అసలు హార్మోను వస్తుందని తేల్చాడు. మెదడు ఆ గ్రంథిని తట్టి లేపుతుంది, గ్రంథి హార్మోను వదులుతుంది. దాన్ని శుద్ధంగా తీయడానికి జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్‌లు 500 కిలోల పట్టు ప్యూపాలను వాడారు. 1954లో వాళ్ల చేతికి చిక్కింది 25 మిల్లీగ్రాములు. దాని పేరు ఎక్డైసోన్. కుబుసం విడవమని చెప్పేది అదే.

విడిచాక ఏ రూపం రావాలో ఇంకో హార్మోను నిర్ణయిస్తుంది, దాన్ని జువెనైల్ హార్మోన్ అంటారు. అది ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్డైసోన్ వస్తే పురుగు మళ్లీ పురుగుగానే బయటికొస్తుంది. ఐదో దశలో అది పడిపోతుంది, అప్పుడు ఎక్డైసోన్ వస్తే గూడు కట్టి ప్యూపా అవుతుంది. ఇంగ్లండ్‌లో విన్సెంట్ విగిల్స్‌వర్త్ 1934 నుంచి రక్తం పీల్చే ఒక నల్లి మీద చేసిన పరిశోధనలు దీనికి పునాది. ఆ నల్లి ప్రతి దశలో కడుపు నిండా ఒకసారి తాగితే చాలు, పొట్ట సాగగానే ఆ కబురు మెదడుకు చేరి కుబుసం మొదలవుతుంది. మన పట్టు పురుగులోనూ తిండి, బరువు ముఖ్యమే. ఆకు సరిగ్గా అందని పురుగులు వెనకబడి ఆలస్యంగా జ్వరంలోకి పోతాయి. తట్టలో ఒకే తీరుగా జ్వరం రాలేదంటే ముందు ఆకు పంపకం, పురుగుల ఒత్తు చూసుకోండి.

పంట చివర్లో రైతులు ఆకు మీద చల్లే 'సంపూర్ణ' అనే మందు ఎక్డైసోన్ కుటుంబానికి చెందినదే, మొక్కల నుంచి తీసినది. కొన్ని పురుగులు పండి గూటికి సిద్ధమైనప్పుడు దాన్ని ఇస్తే మిగతావీ దాదాపు ఒకేసారి పండుతాయి, గూళ్లు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించే కూలి పని కలిసొస్తుంది. అదే మందును ముందే చల్లితే చాలినంత ఆకు తినకుండానే పురుగు గూటికి పోతుంది, గూళ్లు తేలికైపోతాయి. కాబట్టి తొందరపడొద్దు.

ఇంత తెలిశాక షెడ్డులో పాటించేవాటికి అర్థం కనిపిస్తుంది. చాలా పురుగులు జ్వరంలోకి పోతుండగా ఆకు ఆపాలి, పడక మీద సున్నపు పొడి పలచగా చల్లాలి. మిగిలిన ఆకు ఎండిపోతే, ముందుగా లేచిన పురుగులు తినకుండా మిగతావాటి కోసం ఆగుతాయి. గాలి బాగా ఆడాలి, తేమ 70 శాతానికి అటూ ఇటూ ఉంచాలి. తట్టలు కదిలించడం, పడక మార్చడం, చూద్దామని పురుగును తీసి చేతిలో పెట్టుకోవడం పూర్తిగా మానేయండి. నూటికి 95 పురుగులు లేచాకే మొదటి ఆకు వేయండి. విజేత లాంటి క్రిమిసంహారక పొడి చల్లేది కూడా అప్పుడే, మొదటి ఆకుకు అరగంట ముందు. లేచిన వెంటనే దవడలు లేతగా ఉంటాయి, అందుకని మొదటి మేతకు మరీ ముదురు ఆకు వేయకండి.

బూజు వల్ల వచ్చే సున్నపుకట్టు రోగం జ్వరం చుట్టూ ఎక్కువ ప్రమాదం. ఆ బూజు బీజం చర్మం మీద పడి మొలకెత్తి, కైటిన్‌ను ప్రొటీన్‌ను కరిగించే ఎంజైములతో నేరుగా క్యూటికల్‌నే తొలుచుకుని లోపలికి పోతుంది. లేత చర్మం దానికి తేలిగ్గా లొంగుతుంది, తేమ దానికి బలం. ఒక సూక్ష్మజీవి జంతువుకు రోగం తెస్తుందని మొదటిసారి ప్రయోగంతో చూపించింది ఈ రోగంలోనే. 1835లో ఇటలీలో అగొస్తీనో బాస్సీ పట్టు పురుగుల మీద చేసిన పని అది, లూయీ పాశ్చర్ కంటే ఎంతో ముందు.

మీరు పడిన భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు, ఎందుకంటే వైరస్ వల్ల వచ్చే గ్రాసరీ రోగం కూడా ఇదే సమయంలో బయటపడుతుంది. తేడా తెలుసుకోండి. జ్వరంలో ఉన్న పురుగు ఒకచోట తల ఎత్తి కదలకుండా ఉంటుంది. గ్రాసరీ వచ్చిన పురుగు జ్వరంలోకి పోదు, చర్మం ఉబ్బి మెరుస్తుంది, కణుపుల మధ్య వాపు కనిపిస్తుంది, తట్ట అంచుల వెంట ఆగకుండా తిరుగుతుంది. దాని చర్మం తేలిగ్గా చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. అలాంటివి కనబడిన క్షణం ఏరి సున్నం కలిపిన బ్లీచింగ్ ద్రావణంలో వేయండి.

చివరిగా, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక్క వాక్యం నన్ను కలవరపెట్టింది. మీ మల్బరీ తోట పక్కనే టమాటా వేసి మందులు కొడుతున్నారని రాశారు. ఈ రోజుల్లో వచ్చే కొన్ని పురుగు మందులు నరాల మీద పనిచేయవు, కుబుసం మీద పనిచేస్తాయి. నొవాల్యూరాన్, లుఫెన్యూరాన్, వరిలో సుడిదోమకు కొట్టే బుప్రోఫెజిన్ కైటిన్ తయారీని అడ్డుకుంటాయి. బుప్రోఫెజిన్ కొట్టి రెండో రోజుకే దోమ చావలేదని రైతులు నకిలీ మందు అంటారు. పిల్ల దోమ తర్వాతి కుబుసం దగ్గరకొచ్చినప్పుడే చస్తుంది, ఎగిరే పెద్ద దోమకు విడిచే కుబుసమే ఉండదు కాబట్టి అది చావదు. మెథాక్సీఫెనోజైడ్ ఎక్డైసోన్‌లా నటించి వేళకాని వేళ కుబుసం మొదలుపెట్టిస్తుంది. వేప గింజల కషాయంలోని అజాడిరక్టిన్ కూడా ఎక్డైసోన్ వ్యవస్థను చెడగొడుతుంది, సహజమైనదే కదా అని మల్బరీ మీద ఇష్టమొచ్చినట్టు కొట్టకండి. పైరిప్రాక్సిఫెన్ జువెనైల్ హార్మోన్‌ను పోలినది, గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద పడిన కొద్దిపాటి మోతాదుకే ఐదో దశ పురుగు పెరుగుతూ పోతుంది గానీ గూడు కట్టదు. వీటి చెడు వెంటనే కనిపించదు, పురుగు బాగానే తింటూ ఉంటుంది, తర్వాతి జ్వరంలోనో చంద్రిక మీదో బయటపడుతుంది.

అందుకని పక్క రైతుతో మాట్లాడి ఏ మందు, ఏ రోజు కొడుతున్నాడో ముందే తెలుసుకోండి. ఆ వైపున్న నాలుగైదు సాళ్ల ఆకు పురుగులకు వేయకండి. మధ్యలో అవిసె లాంటి ఎత్తైన మొక్కలు అడ్డంగా పెంచండి. అనుమానం ఉన్న ఆకును ముందు విడిగా మూడో దశలో ఉన్న ఓ యాభై పురుగులకు వేసి, అవి నాలుగో జ్వరం నుంచి క్షేమంగా లేచాకే మిగతా తట్టలకు వాడండి. ఒకటి రెండు పూటల్లో బాగానే ఉన్నాయి కదా అని తేల్చుకుంటే మాత్రం ఈ మందుల విషయంలో మోసపోతారు.